శిశువు తల, మెడ: తొలి వారముల విలువ

మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే పెద్దల చూపు మొదట తలమీద పడుతుంది. నూనె రాసి, కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోసి, తలను అరచేతులతో ఒత్తి, ఆవాల దిండుమీద పరుండబెట్టుట తరతరాలుగా వస్తున్న ఆచారము. ఈ విషయమున హిందూ, ముస్లిం గృహములకు పెద్ద భేదము లేదు. దీని వెనుకనున్న వాత్సల్యము కొనియాడదగినదే. అయితే ఆ వాత్సల్యమునకు శాస్త్రజ్ఞానము తోడు కావలెనని మేము భావిస్తున్నాము.

నవజాత శిశువు పుర్రె ఒకే ఎముక కాదు. అది మెత్తని అతుకులతో కూడిన కొన్ని పలకల కూర్పు. నడినెత్తిన మెత్తగా కదలాడే చోటును మనము మాడు అంటాము. అది సాధారణముగా ఏడాది, ఏడాదిన్నర మధ్య పూడుకుంటుంది. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత ఏడాది నిండేసరికి 45 దాటుతుంది. ఈ ఎదుగుదలలో అధికభాగము మొదటి ఆరు నెలలలోనే జరుగుతుంది. బిడ్డ ఎల్లప్పుడు ఒకేవైపు తల ఆనించి పడుకుంటే, నేలకు ఆనిన వైపు గుమ్మడికాయ చదునైనట్లే, తలలో ఆ భాగము చదునవుతుంది.

బిడ్డ ఒకేవైపు ఎందుకు తిరుగుతున్నదని విచారిస్తే, పెక్కుమార్లు కారణము మెడలో దొరుకుతుంది. చెవి వెనుకనుండి రొమ్ము ఎముక, కాలరు ఎముకల వరకు ఏటవాలుగా దిగే కండరము మెడకు ఇరువైపుల ఉన్నది. గర్భములోని ఇరుకువలన గాని, కాన్పునాటి ఒత్తిడివలన గాని అది ఒకవైపు బిగుసుకొనవచ్చును. కుడి కండరము బిగిస్తే తల కుడిభుజము వైపు ఒరిగి, గడ్డము ఎడమకు తిరుగుతుంది. అప్పుడు తల వెనుక ఎడమభాగమే పక్కకు ఆనుతుంది. అది చదునైనకొలది తల మరల అటే దొర్లుతుంది. ఈ విధముగా ఒక లోపము మరొక లోపమును పెంచుతుంది.

ఈ చదునుతనము ఇటీవల ఎక్కువగా కనబడుటకు ఒక చరిత్ర ఉన్నది. నిద్రలో శిశువులు హఠాత్తుగా మరణించుటను నివారించుటకై 1992లో అమెరికా శిశువైద్యుల సంఘము, పసిపిల్లలను బోర్లా నిద్రపుచ్చరాదని సూచించింది. 1994లో అక్కడ దేశవ్యాప్త ప్రచారము మొదలైనది. తరువాతి సంవత్సరములలో అట్టి మరణములు సుమారు సగానికి తగ్గినవి. చదును తలలు మాత్రము పెరిగినవి. 2013లో వెలువడిన కెనడా పరిశీలనలో, కాల్గరీ నగరమున 7 నుండి 12 వారముల వయస్సుగల 440 మంది శిశువులలో 46.6 శాతమునకు ఏదో ఒక మేరకు ఈ చదునుతనము కనబడినది. అందులో అధికభాగము స్వల్పమైనదే. కనుక మరల బోర్లా నిద్రపుచ్చవలెనా? ఎంతమాత్రము కాదు. ఆకృతికంటె ప్రాణము గొప్పది. నిద్ర వెల్లకిల, ఆట బోర్లా: ఇదే సూత్రము.

బిడ్డ మేలుకొని ఉన్నప్పుడు పెద్దల కనుసన్నలలో రోజుకు పలుమార్లు కొద్ది నిమిషములు బోర్లా పడుకోబెట్టవలెను. బిడ్డ తిరగని వైపునుండి పిలువవలెను, గిలక ఆడించవలెను. పక్కమీద తలవైపును, ఎత్తుకొనే భుజమును మార్చుచుండవలెను. మెడ బిగువు ఉన్నచో, కండరమును మృదువుగా సాగదీయు పద్ధతిని ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకొని చేయవలెను. సొంతముగా మెడను లాగరాదు. నెల నిండకముందే చికిత్స మొదలుపెడితే దాదాపు అందరిలోను కొద్ది వారములలోనే మెడ సరియగుచున్నది. ఆరు నెలలు దాటిన తరువాత మొదలుపెడితే తొమ్మిది, పది నెలలు పట్టవచ్చును. “పెరిగితే అదే సర్దుకుంటుంది” అను మాటకు బిడ్డ చెల్లించే మూల్యము ఇది.

ఆవాల దిండు మాటేమిటి? ఏడాదిలోపు బిడ్డకు నిద్రలో ఏ దిండైనను ఊపిరాడకుండ చేయు ప్రమాదము కలదు. తల ఒత్తుటవలన ఆకృతి మారదు. ఇక ఖరీదైన శిరస్త్రాణముల విషయము: 2014లో నెదర్లాండ్స్‌లో మెడ బిగువు లేని 84 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, వాటిని ధరించినవారిలో 26 శాతమునకు, ధరించనివారిలో 23 శాతమునకు తల పూర్తిగా సరియైనది. ఆ తేడా లెక్కించదగినది కాదు.

వైద్యుని చూపు మాత్రము తప్పనిసరి. అరుదుగా పుర్రె అతుకులు ముందే కలిసిపోవుటవలన కూడ తల వంకర కావచ్చును. దానికి శస్త్రచికిత్స అవసరము కావచ్చును. దృష్టిలోపమువలన కూడ తల ఒరగవచ్చును. మెడ బిగువు గల బిడ్డలలో కొందరికి తుంటి కీలులోను లోపముంటుంది. మెడలో గడ్డ తగిలినచో అది సాధారణముగా అపాయకరము కాదు. అయినను వైద్యునికి చూపించి నిర్ధారించుకొనవలెను.

ఇట్టి బిడ్డ పుట్టిన ఇంట మొదటి నింద తల్లిమీద పడుతుంది. సరిగా పడుకోబెట్టలేదని, గ్రహణమునాడు బయటికి వచ్చినదని అంటారు. బిగిసిన కండరమునకు గ్రహణముతో సంబంధము లేదు. బాలింతకు కావలసినది నింద కాదు, తోడు.

మా విద్యార్థినీ విద్యార్థులు రేపటి తల్లిదండ్రులు. నేడే పిన్నమ్మలు, మేనమామలు, బాబాయిలు. ఇంట పసిబిడ్డ ఉన్నచో తల ఒకేవైపు ఒరుగుచున్నదేమో గమనించండి. ఒరుగుచున్నదని తోస్తే టీకాల నాటి వరకు ఆగక, ఆ వారమే శిశువైద్యునికి చూపించండి. ఒక బిడ్డ మెడ సకాలమున సరియైనను, మీ చదువు ఆ ఇంటికి ఉపయోగపడినట్లే.