ఒక్క బిళ్ల తేడా

కనుమ నాడు తిరుమలలో మలయప్ప స్వామి వేటకు బయల్దేరుతారు. శ్రీకృష్ణస్వామి తోడుగా రాగా, పాపవినాశనం దారిలోని పారువేట మండపానికి చేరుకుంటారు. అక్కడ స్వామి తరఫున అర్చకులు ముందుకు పరుగెత్తి ఆయుధం సంధిస్తారు. అలా మూడుసార్లు చేస్తారు. చుట్టూ శేషాచలం అడవే. అయినా ఒక్క ప్రాణికి కూడా గీత పడదు. వేట ఉంటుంది, చంపడం ఉండదు.

గాల్లోకి ఎగిరే బిళ్లల్ని తుపాకీతో పగలగొట్టే షాట్‌గన్ పోటీల సంగతి విన్నప్పుడల్లా నాకు ఆ మండపమే గుర్తొస్తుంది. ఆ ఆట కూడా వేటలోంచే పుట్టింది. చంపడాన్ని వదిలేసి ఆటగా నిలబడింది.

వదిలెయ్యడానికి కొంత కాలం పట్టిన మాట నిజమే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో బతికున్న పావురాల్ని ఎగరేసి కాల్చే పోటీ పెట్టారు. దాదాపు 300 పక్షులు నేలరాలాయి. బెల్జియం షూటర్ లియోన్ డి లుండెన్ 21 పావురాల్ని కొట్టి గెలిచాడు. ఆ పోటీ ఒలింపిక్స్‌లో మళ్లీ కనిపించలేదు.

అప్పటికే ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంది. అమెరికాలోని సిన్సినాటికి చెందిన జార్జ్ లిగౌస్కీ 1880లో కాల్చిన మట్టితో బిళ్లల్ని చేయించి, విసిరే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. పిల్లలు నీళ్ల మీద ఆల్చిప్పల్ని గెంతించే ఆట చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. చెరువు గట్టున పెంకులతో కప్పగంతులు వేయించిన మన పిల్లలెవరికైనా ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది. అంతకుముందు గాజు గోళాల్ని గాల్లోకి విసిరి కాల్చేవారు.

ఈ బిళ్లల పేరు 'మట్టి పావురం' గానీ ఇప్పటి బిళ్లలో మట్టి లేదు. సున్నపురాయి పొడినీ తారులాంటి జిగురునూ కలిపి అచ్చులో పోస్తారు. అడ్డుకొలత 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. తిరుపతి లడ్డూ కంటే తేలికే. విసిరినప్పుడు చెక్కుచెదరకూడదు, తూటాలోని రవ్వ తగిలితే పగలాలి. ఇక్కడ ఒక నిబంధన ఉంది. బిళ్ల నుంచి కంటికి కనిపించేలా కనీసం ఒక ముక్కయినా విడిపోవాలి. తూటా తగిలి దుమ్ము లేచినంత మాత్రాన సరిపోదు, అది గురి తప్పిన లెక్కలోకే వెళ్తుంది.

షాట్‌గన్ విభాగాల్లో ఒకటైన ట్రాప్ పోటీ ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. షూటర్ నిలబడే గీతకు 15 మీటర్ల ముందు ఒక కందకం ఉంటుంది. అందులో మూడేసి చొప్పున 15 యంత్రాలు. షూటర్ కేక వేయగానే మైకు ఆ గొంతును పట్టుకుని, ఆ షూటర్ ఎదుటి మూడు యంత్రాల్లో ఒకదాని నుంచి బిళ్లను వదులుతుంది. ఏ యంత్రం నుంచి వస్తుందో షూటర్‌కు తెలియదు. ఎడమకో కుడికో 45 డిగ్రీల దాకా మళ్లొచ్చు. వేగం గంటకు 100 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, వదిలేస్తే 76 మీటర్ల అవతల పడుతుంది. గురి పెట్టడం, మీట నొక్కడం అన్నీ సెకను లోపే జరిగిపోవాలి. అలాగని అదృష్టానికి వదిలేసిన ఆట కాదు. 25 బిళ్లల రౌండులో ప్రతి షూటర్‌కూ ఎడమకు 10, కుడికి 10, మధ్యకు 5 చొప్పున సమానంగా వస్తాయి. అర్హత పోటీలో మొత్తం 125 బిళ్లలు, ఒక్కోదానికి రెండు తూటాలు. ఫైనల్లో మాత్రం బిళ్లకు ఒక్క తూటాయే.

ఇక మన తెలుగు నేల సంగతి. 2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత పురుషుల ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచింది. జట్టులో ముగ్గురు: పంజాబ్ నుంచి జొరావర్ సింగ్ సంధు, తమిళనాడులోని పుదుక్కోట్టై రాజవంశానికి చెందిన పృథ్వీరాజ్ తొండైమాన్, మన హైదరాబాద్ నుంచి కైనన్ చెనాయ్. జొరావర్ 120, పృథ్వీరాజ్ 119, కైనన్ 122. మొత్తం 375కి 361, ఆసియా క్రీడల రికార్డు. రెండో స్థానంలో నిలిచిన కువైట్ స్కోరు 359. ముగ్గురు కలిసి రెండు రోజులు కాల్చాక స్వర్ణానికీ రజతానికీ మధ్య మిగిలిన తేడా రెండంటే రెండు బిళ్లలు! అదే రోజు వ్యక్తిగత ఫైనల్లో కైనన్ 40 బిళ్లల్లో 32 పగలగొట్టి కాంస్యం కూడా తెచ్చుకున్నాడు.

హైదరాబాద్ పార్సీ కుటుంబంలో పుట్టిన కైనన్‌కు ఈ ఆట ఇంట్లోనే ఎదురైంది. తండ్రి డారియస్ చెనాయ్ కూడా ట్రాప్ షూటరే. 2016 రియో ఒలింపిక్స్‌లో కైనన్ 125కి 114 కొట్టి 19వ స్థానంలో ఆగిపోయాడు. అక్కడి నుంచి హాంగ్‌జౌలో 122 దాకా రావడానికి ఏడేళ్లు పట్టింది. పెరిగింది ఎనిమిది బిళ్లలే. నా దృష్టిలో ఆ ఎనిమిది బిళ్లల విలువ పతకం కంటే తక్కువేమీ కాదు.

స్కీట్ అనే మరో షాట్‌గన్ విభాగంలోనూ మన హైదరాబాదీ ఉంది. రష్మీ రాథోర్ ఆ విభాగంలో భారత్ తరఫున బరిలో దిగింది. స్కీట్‌లో షూటర్ తుపాకీ మడమను నడుము దగ్గర ఉంచుకుని నిలబడాలి. బిళ్ల కనిపించాకే భుజానికి ఎత్తుకోవాలి. పిలిచిన వెంటనే రావచ్చు, మూడు సెకన్ల దాకా ఆగి రావచ్చు. ఈ ఆట మైదానం అర్ధచంద్రాకారంలో ఎందుకుంటుందంటే, దానికి కారణం కోళ్లఫారం! 1920ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఆండోవర్‌లో గడియారం ముళ్లలా చుట్టూ తిరుగుతూ కాల్చేవారు. పక్క స్థలంలో ఎవరో కోళ్లఫారం పెట్టడంతో అటువైపు తూటాలు పోకుండా వలయాన్ని సగానికి కుదించారు. స్కీట్ అన్న పేరు కూడా 1926లో పత్రికలో పెట్టిన పోటీలో ఒక గృహిణి సూచించిందే.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్‌ను ఆడా మగా కలిసి ఆడారు. చైనా అమ్మాయి ఝాంగ్ షాన్ ఫైనల్‌కు ముందు 200కి 200 కొట్టి, చివరికి 223తో స్వర్ణం గెలుచుకుంది. ఆ తర్వాత 1996లో స్కీట్ మగవారికే పరిమితమైంది. గెలిచిన అమ్మాయికి తన పతకాన్ని నిలబెట్టుకునే అవకాశమే లేకుండా పోయింది. అది అన్యాయం. మహిళలకు వేరుగా స్కీట్ 2000లో గానీ రాలేదు.

చిన్న దేశాలకు ఈ ఆట పెద్ద పేరు తెచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌లో సాన్ మారినో షూటర్ అలెస్సాండ్రా పెరిల్లి ట్రాప్‌లో కాంస్యం గెలిచింది. ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. దేశ జనాభా మొత్తం 35 వేల లోపే. తిరుమలలో రద్దీ రోజున స్వామిని దర్శించుకునే వారిలో సగం కూడా ఉండరు. 2024 పారిస్‌లో ట్రాప్ గెలిచిన అడ్రియానా రువానో గ్వాటెమాలాకు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. వెన్ను దెబ్బతిని జిమ్నాస్టిక్స్ వదిలేశాక తుపాకీ పట్టిన అమ్మాయి ఆమె.

వయసు అడ్డురాని ఆట కూడా. కువైట్ షూటర్ అబ్దుల్లా అల్ రషీదీ 52 ఏళ్లకు రియోలో, 57 ఏళ్లకు టోక్యోలో స్కీట్ కాంస్యాలు గెలిచాడు.

విదేశంలో పోటీ అంటే కాల్చడం కంటే ముందే ఒక పరీక్ష ఉంటుంది. లైసెన్సు కాగితాలు, వెళ్లే దేశం అనుమతి, తాళం వేసిన పెట్టెలో తుపాకీ, వేరే పెట్టెలో తూటాలు. విమానంలో ఒక్కొక్కరికి అనుమతించేది గరిష్ఠంగా 5 కిలోల తూటాలే. లెక్కేస్తే సుమారు 125 తూటాలు. సాధనకూ రెండో తూటాకూ అవి చాలవు, మిగతావి పోటీ జరిగే చోటే కొనుక్కోవాలి.

మన దేశానికి ఈ ఆటలో పాత వారసత్వమే ఉంది. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ 1962లో కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్ రజతం గెలిచారు, అయిదు ఒలింపిక్స్ ఆడారు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో తెచ్చిన రజతం, స్వతంత్ర భారతానికి వ్యక్తిగత విభాగంలో తొలి ఒలింపిక్ రజతం.

2024 పారిస్‌లో మరో పతకం దాదాపు చేతికొచ్చింది. స్కీట్ మిక్స్‌డ్ టీమ్ కాంస్య పోరులో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా జంట చైనాతో తలపడింది. చైనా 44, భారత్ 43.

కాబట్టి ఈసారి షాట్‌గన్ పోటీల వార్త కనబడితే పతకం వచ్చిందా లేదా అని చూసి పేజీ తిప్పెయ్యకండి. ఎన్నింటికి ఎన్ని కొట్టారో ఆ అంకె కూడా చదవండి.