పటం చూపడం వేరు, లెక్కగట్టడం వేరు

తుపాను వేళ ఇస్రో ‘భువన్’ లాంటి వెబ్ మ్యాపును వేలమంది ఒకేసారి తెరిస్తే సర్వరు తట్టుకుంటుందా? చూడటం వరకే అయితే అంత కష్టం కాదు. పటాన్ని సాధారణంగా 256 × 256 పిక్సెళ్ల ముక్కలుగా ముందే తయారుచేసి డిస్కులో ఉంచుతారు. అడిగినవారికి అందించడమే పని. కాకపోతే జూమ్ ఒక మెట్టు పెరిగితే ముక్కలు నాలుగింతలవుతాయి. 18వ మెట్టులో ప్రపంచమంతటికీ దాదాపు 6,872 కోట్లు! నడిసముద్రాన్ని అంత దగ్గరగా ఎవరు చూస్తారు? అందుకే జనం చూసే చోట్లకే ముందుగా సిద్ధం చేస్తారు.

‘ఈ వాగు 3 మీటర్లు పెరిగితే ఏ ఇళ్లు మునుగుతాయి?’ అని అడిగితే మాత్రం దాచిపెట్టిన జవాబు ఉండదు. నేల ఎత్తుల డేటాను ర్యామ్‌లోకి తెచ్చి, అప్పటికప్పుడు లెక్కించాలి. 4 కోర్ల ప్రాసెసరుకు 40 లెక్కలు వస్తే చాలావరకు వరుసలో ఆగాల్సిందే. ఆ రద్దీ పటం చూసేవారికి అడ్డురాకుండా లెక్కలకు వేరే సర్వరు పెట్టాలి. ఖర్చు ఎక్కువని రెండింటినీ ఒకే యంత్రంపై నడిపితే, సరిగ్గా వరద రోజే పటం తెరుచుకోకపోవచ్చు.