నిద్రించారని రాయించుకున్నాం

ఈస్టర్ నాడు తెల్లవారకముందే మన ఊళ్లలో సమాధుల తోటలు నిండిపోతాయి. ముందు రోజుల్లోనే కలుపు పీకి, సమాధులకు సున్నం వేయించి ఉంచుతారు. చీకటితోనే పూలదండలు, కొవ్వొత్తులు పట్టుకుని పిల్లా పెద్దా బయలుదేరుతారు. పాస్టరుగారు పునరుత్థాన వాక్యం చదువుతుంటే ఒక్కో కుటుంబం తమవారి సమాధి దగ్గర నిలబడుతుంది. ఆ కొవ్వొత్తుల వెలుగులో రాళ్ల మీది అక్షరాలు చదువుకుంటూ వెళ్లండి. పేరు, జనన తేదీ, ఆ తర్వాత చాలా రాళ్ల మీద కనిపించే మాట ఒకటే, 'ప్రభువునందు నిద్రించిరి'.

చనిపోయారు అనలేక మర్యాదకు వాడిన మాట అనుకుంటారు కొందరు. మర్యాద మాటలకు తెలుగులో కొదవేముంది? కాలం చేశారు, పరమపదించారు, కన్నుమూశారు... ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఉండగా విశ్వాసులు 'నిద్రించారు' అనే మాటనే పట్టుకోవడానికి కారణం బైబిల్లో ఉంది. యాయీరు కుమార్తె చనిపోయి ఇంటినిండా ఏడుపులు వినిపిస్తుంటే, ఆ చిన్నది నిద్రిస్తోంది అన్నారు ప్రభువు. అక్కడివాళ్లు నవ్వారు (మార్కు 5:39, 40). ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పొద్దున్నే తల్లి బిడ్డను లేపినట్టు లేపారు. లేపి, పిల్లకు తినడానికేమైనా పెట్టమన్నారు. ఆదిమ సంఘం ఆ మాటను మరిచిపోలేదు. సమాధుల స్థలానికి వాళ్లు వాడిన 'కొయిమెతేరియోన్' అనే గ్రీకు పదానికి పడుకునే చోటు అని అర్థం. ఇంగ్లీషు వాళ్ల 'సెమెటరీ' దానిలోంచి పుట్టిందే.

ఈ మాటను సంఘానికి బాగా వివరించినవాడు పౌలు భక్తుడు. క్రీస్తుశకం 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘానికి ఆయన ఉత్తరం రాశాడు. కొత్త నిబంధనలో అన్నిటికంటే ముందు రాసిన పత్రికల్లో అదొకటి. ప్రభువు త్వరలో వస్తాడని ఎదురుచూస్తున్న ఆ కొత్త విశ్వాసుల మధ్య కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేసరికి మనవాళ్లు లేకుండా పోయారే, వాళ్ల గతేమిటి అన్నది వారి దిగులు. సిద్ధాంత చర్చకు పుట్టిన ప్రశ్న కాదది, చావు జరిగిన ఇంట్లోంచి వచ్చిన ప్రశ్న. పౌలు ఇచ్చిన జవాబులో మొదటి సంగతి, నిరీక్షణ లేని ఇతరుల్లాగా దుఃఖపడవద్దు అని (1 థెస్సలొనీకయులకు 4:13). దుఃఖపడవద్దు అని మాత్రం ఆపేయలేదు. ఈ తేడాను మన సంఘాల్లో చాలామంది గమనించరు.

భూస్థాపన కార్యక్రమాల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు పెట్టె మీద పడి ఏడుస్తుంటుంది. సంఘ పెద్దలెవరో వచ్చి, "ఊరుకోమ్మా, విశ్వాసులం మనం ఇలా ఏడిస్తే బయటివాళ్లేమనుకుంటారు? సాక్ష్యం పాడవుతుంది" అంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కన్నీళ్లు విడిచారు (యోహాను 11:35). మరి కాసేపట్లో అతణ్ని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చారు. స్తెఫను సంగతి చూడండి. రాళ్లదెబ్బలకు ప్రాణం విడిచినప్పుడు అతడు నిద్రించాడనే లూకా రాశాడు (అపొ. కార్యములు 7:60). రెండే వచనాల తర్వాత, భక్తిగల మనుషులు అతణ్ని సమాధిచేసి చాలా ప్రలాపించారనీ రాశాడు (8:2). నిద్రించాడని నమ్మినవాళ్లే గుండెలు బాదుకుని ఏడ్చారు. వాళ్ల సాక్ష్యం పాడైందని లేఖనం ఎక్కడా చెప్పలేదు. కాబట్టి ఆ ఇల్లాలిని ఏడవనివ్వండి.

ఇక్కడ కొందరికి అనుమానం వస్తుంది. నిద్రించారంటే చనిపోయినవారికి ఇప్పుడేమీ తెలియదా? పునరుత్థానం దాకా ఆత్మ కూడా స్పృహ లేకుండా పడి ఉంటుందా? అలా నమ్మే సహోదరులు ఉన్నారు. సెవెంత్ డే అడ్వెంటిస్టుల బోధ అదే. సంస్కర్తల కాలంలోనే ఈ వాదం నడిచింది. మార్టిన్ లూథర్ మరణాన్ని నిద్ర అని ఇష్టంగా చెప్పేవాడు. జాన్ కాల్విన్ మాత్రం పాతికేళ్ల వయసులో, 1534లో, ఆత్మ నిద్రపోతుందనే బోధను ఖండిస్తూ ఒక పుస్తకమే రాశాడు. అది 1542లో అచ్చయింది. మన సంఘాల్లో ఎక్కువమంది నమ్మేది కాల్విన్ చెప్పిన వైపే. శరీరం నిద్రిస్తుంది, విశ్వాసి ఆత్మ ప్రభువు దగ్గర ఉంటుంది. పక్క సిలువ మీది దొంగతో ప్రభువు చెప్పింది ఆ రోజే తనతో పరదైసులో ఉంటావని (లూకా 23:43). లోకాన్ని విడిచి క్రీస్తుతో ఉండటం మరీ మేలని పౌలు జైల్లోంచి రాశాడు (ఫిలిప్పీయులకు 1:23). అంతకు మించి ఆ మధ్యకాలం గురించి బైబిలు చాలా తక్కువే చెబుతుంది. మన ప్రసంగీకులు కొందరు అక్కడి వీధులు తిరిగి వచ్చినట్టు వర్ణిస్తుంటారు గానీ, లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి వచ్చినా తాను చూసినదాని గురించి ఒక్క మాట చెప్పినట్టు సువార్తలో లేదు.

చాలా ఆదరణ కూడికల్లో వాక్యం ఇంతటితో ఆగిపోతుంది. "మీ నాన్నగారు పరలోకం చేరుకున్నారు, మనమూ ఒకనాడు అక్కడికే" అని ముగిస్తారు. మంచిదే. కానీ పౌలు అక్కడ ఆగలేదు. క్రీస్తు నిద్రించినవారిలో ప్రథమఫలం అన్నాడు (1 కొరింథీయులకు 15:20). వ్యవసాయం తెలిసిన మనకు ఆ మాట చెప్పనక్కరలేదు. కొత్త పంటలో మొదటి పనను దేవుని దగ్గరకు తెచ్చారంటే, మిగతా చేను కోతకు వచ్చిందని అర్థం. ఆ పన ఎలాంటిదో చేనంతా అలాంటిదే. లేచిన క్రీస్తు ఎలా ఉన్నాడు? శిష్యుల ఎదుట కాల్చిన చేపముక్క తిన్నాడు (లూకా 24:42, 43). చేతుల్లో మేకుల గాయాలు చూపించాడు. కాబట్టి మనకు వాగ్దానం చేయబడింది మేఘాల్లో తేలే ఆత్మగా మిగిలిపోవడం కాదు. కీళ్లనొప్పులతో మంచం పట్టి వెళ్లిపోయిన ఆ తల్లి శరీరమే, క్షయమైనది అక్షయంగా మార్చబడి లేస్తుంది. మనం శరీరాన్ని కడిగి, మంచి బట్టలు తొడిగి, ఇంత శ్రద్ధగా మట్టికి అప్పగించేది అందుకే. విత్తనం అన్నాడు పౌలు దాన్ని. (శరీరం మట్టిలో కలిసినా, అగ్నిలో కాలినా, సముద్రంలో పోయినా దేవునికి అడ్డం కాదు. సముద్రం కూడా తనలోని మృతులను అప్పగిస్తుందని ప్రకటన 20:13లో ఉంది.)

ఆ అధ్యాయాన్ని పౌలు ముగించిన తీరు నాకెప్పుడూ ఆశ్చర్యమే. యాభై ఏడు వచనాలు పునరుత్థానం గురించి రాసి, కాబట్టి ప్రభువులో మీ ప్రయాసం వ్యర్థం కాదు అన్నాడు. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషన్ సేవకులు విశాఖపట్నం చేరారు. క్రాన్ 1809లో చనిపోయాడు. డెగ్రాంజ్, ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగులోకి తెస్తూ తెస్తూ 1810లో చనిపోయాడు. ఆ సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తాను రాసిన తెలుగు అక్షరాలను పుస్తకంగా ఆయన చూసుకోలేదు. మన ఇళ్లలోనూ ఇలాంటివి ఎన్ని లేవు! పిల్లల చదువు సగంలో ఉండగా పోయిన తండ్రి, గుడి కప్పు పడకముందే వెళ్లిపోయిన పాస్టరు. వాళ్ల పని వాళ్లతోనే పోయిందా అంటే, పౌలు జవాబు ఆ 58వ వచనం.

ప్రొటెస్టెంటు సంఘాల పుట్టుకకూ, చనిపోయినవారి ప్రశ్నకూ సంబంధం ఉందని చాలామందికి గుర్తుండదు. 1517లో విటెన్‌బర్గ్‌లో లూథర్ 95 వాదాంశాలు రాయడానికి కారణం పాపపరిహార పత్రాల అమ్మకం. డబ్బు కడితే చనిపోయిన మీ తల్లిదండ్రుల ఆత్మలు శుద్ధిస్థలంలో శిక్ష తప్పించుకుని పైకి వెళతాయని వాటిని అమ్మేవారు. పేదవాళ్లు కూడా కొనేవారు. ప్రేమ ఉన్నవాడెవడు కొనకుండా ఉంటాడు? క్రీస్తు రక్తం సంపాదించినదాన్ని వెలకట్టి అమ్మడానికి మీరెవరని సంస్కర్తలు అడిగారు. అందుకే మనం మృతుల కోసం ప్రార్థించం, వారిని బట్టి దేవునికి కృతజ్ఞత చెల్లిస్తాం. అంత గొడవ పడి బయటికొచ్చిన మనం, ఆదరణ కూడికకు అప్పు తెచ్చి వందలమందికి భోజనాలు పెట్టకపోతే పోయినవారికి ఏదో లోటు చేసినట్టు బాధపడుతున్నాం. లూథర్ చూస్తే ఏమనేవాడో!

ఇక మిగిలింది అన్నిటికంటే బరువైన ప్రశ్న. "మా నాన్న గుడికి వచ్చేవారు కాదు. బాప్తిస్మం తీసుకోలేదు. ఇప్పుడు ఎక్కడున్నారు?" ఈ ప్రశ్నను గుండెలో దాచుకుని ఏళ్లతరబడి నిద్రపట్టని విశ్వాసులున్నారు. వీరికి జవాబుగా రెండు తప్పులు జరుగుతున్నాయి. కొందరు, అందరూ దేవుని దగ్గరికే వెళతారులే అని ఓదారుస్తారు. బైబిలు అలా చెప్పలేదు. మనుషులు ఒక్కసారే మృతిపొందాలి, ఆ తర్వాత తీర్పు (హెబ్రీయులకు 9:27). సమాధుల్లో ఉన్నవారందరూ క్రీస్తు శబ్దం విని బయటికొస్తారు, కొందరు జీవానికి, కొందరు తీర్పుకు (యోహాను 5:28, 29). ధనవంతుడికీ లాజరుకూ మధ్య ఎవరూ దాటలేని అగాధం ఉందని చెప్పింది సాక్షాత్తూ ప్రభువే. ఈ మాటలు దాచిపెట్టేవాడు సంఘానికి మేలు చేయడు.

రెండో తప్పు ఇంకా కఠినమైనది. శవపేటిక పక్కనే నిలబడి, ఈయన నరకానికి వెళ్లాడు, మీరూ వెళతారా అంటూ ఆ ఇంటివాళ్లను భయపెట్టి చేతులెత్తించేవారు ఉన్నారు. ఆ అధికారం వారికి ఎవరిచ్చారు? తీర్పు తీర్చే సర్వాధికారం తండ్రి కుమారునికి మాత్రమే ఇచ్చాడు (యోహాను 5:22). మత్తయి 25లో ఆయన సింహాసనం ముందు నిలబడ్డవారిని గమనించండి. కుడివైపువారూ ఆశ్చర్యపోయారు, ఎడమవైపువారూ ఆశ్చర్యపోయారు. తమ సంగతే తమకు అలా ఉంటే, పొరుగువాడి తీర్పు మనం ముందే చదవగలమా?

సిలువ దగ్గరి దొంగ దగ్గరికి మళ్లీ రండి. మొదట ఇద్దరు దొంగలూ ప్రభువును నిందించారని మత్తయి రాశాడు (27:44). తర్వాత ఒకడు మారాడని లూకా రాశాడు. మధ్యలో ఏం జరిగిందో, ఎంతసేపు పట్టిందో మనకు తెలియదు. ఆ మధ్యలో ఎవరైనా అక్కడినుంచి ఇంటికి వెళ్లిపోయి ఉంటే, అతని ఊళ్లో చెప్పేదేమిటి? దొంగగా చచ్చాడు, చస్తూ కూడా దేవుని కుమారుణ్ని తిట్టాడు అని. సాయంత్రానికి కాళ్లు విరగగొట్టారు, అంతా అయిపోయింది. అతనికి తల్లి ఉండి ఉంటే, ప్రభువు తన కొడుకుతో అన్న ఆ ఒక్క మాట ఆమెకు ఎవరైనా చేరవేశారో లేదో. చేరకపోయినా మాట మాత్రం నిజమే. ఆఖరి గడియల్లో ఒక మనిషికీ దేవునికీ మధ్య ఏం జరిగిందో మంచం పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. ఇది తండ్రి పరలోకంలో ఉన్నాడనే హామీ కాదు. హామీ ఇవ్వడం ఎవరి వల్లా కాదు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడిగిన ప్రశ్న ఉంది చూడండి (ఆదికాండము 18:25), సొదొమలో ఉన్న తన వారి కోసం అడిగాడు దాన్ని. ఆ ప్రశ్న దగ్గర తండ్రిని విడిచిపెట్టవచ్చు. తీర్పు తీర్చే ఆ చేతుల్లో మేకుల గాయాలున్నాయి.

మన సంగతి వేరు. మనకింకా రోజు ఉంది. క్రీస్తుయేసునందున్నవారికి శిక్షావిధి లేదని నమ్మినవాళ్లం కూడా ఆయన న్యాయపీఠం ఎదుట నిలబడాలి (2 కొరింథీయులకు 5:10). కర్రతో, గడ్డితో కట్టిన పని కాలిపోతుంది, కట్టినవాడు మాత్రం అగ్నిలోంచి తప్పించుకున్నట్టు రక్షింపబడతాడు (1 కొరింథీయులకు 3:15). పొలం గట్టు కోసం అన్నదమ్ములు పదేళ్లుగా మాట్లాడుకోకుండా, ఈస్టర్ నాడు ఒకే తండ్రి సమాధికి ఈ పక్కొకరు ఆ పక్కొకరు కొవ్వొత్తి పెట్టి వెళ్లడం చూస్తుంటాం. ఆ కొవ్వొత్తులు తండ్రికి అక్కరలేదు.

చాలా దేశాల్లో పాత క్రైస్తవ సమాధులను తల పడమరకు, కాళ్లు తూర్పుకు వచ్చేలా తవ్వేవారు. ప్రభువు రాకడ వేళ లేచి నిలబడితే ఎదురుగా ఆయనే కనిపించాలని వారి ఆశ. ఈసారి ఈస్టర్‌కు తోటకు వెళ్లినప్పుడు, ఆరాధన అయ్యాక వెంటనే బయలుదేరకండి. పక్కన ఎవరూ రాని సమాధులు కొన్ని ఉంటాయి. రాయి విరిగిపోయి, పేరు చెరిగిపోయి, 'నిద్రించిరి' అన్న సగం మాట మాత్రమే మిగిలి ఉంటుంది. మీ దగ్గర మిగిలిన కొవ్వొత్తి ఒకటి అక్కడ వెలిగించి, తెల్లవారేదాకా కాసేపు ఉండండి.