చెయ్యెక్కడుందో చెప్పేదెవరు?

ఇంగ్లిష్ ఛానల్‌లోని జెర్సీ దీవిలో మాంసం కొట్టులో పనిచేసే ఇయాన్ వాటర్‌మన్‌కు 1971లో జ్వరం తగిలింది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. జ్వరమైతే తగ్గింది గానీ, మెడ కింది నుంచి ఒళ్లు మాట వినడం మానేసింది. పక్షవాతం కాదు; కండరాల్లో సత్తువ ఉంది. నొప్పి తెలుస్తోంది, వేడీ చలీ తెలుస్తున్నాయి. పోయినవి స్పర్శ, కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయన్న ఎరుక. రోగనిరోధక శక్తి పొరబాటున సొంత నాడుల మీదే, అందులోనూ లావుపాటి తంతువుల మీద విరుచుకుపడిందని వైద్యుల అంచనా.

ఇక నడవడనుకున్న మనిషి నెలల తరబడి సాధన చేసి నడిచాడు, ప్రతి అడుగునూ కళ్లతో చూసుకుంటూ. దీపం ఆరితే మాత్రం ఉన్నపాటున కూలిపోయేవాడు.

మిగతావాళ్లకు ఆ అవస్థ లేదు. టీవీ చూస్తూ అన్నం కలిపినా ముద్ద తిన్నగా నోటికే చేరుతుంది. అందుకు కావలసిన కబురు ప్రధానంగా కండరాల నుంచే వస్తుంది. కండరంలో అక్కడక్కడా కదురు ఆకారంలో, కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న తిత్తులుంటాయి. మజిల్ స్పిండిల్స్ అంటారు. వాటిలోని సన్నని పోగులకు జ్ఞాననాడుల కొసలు చుట్టుకుని ఉంటాయి. కండరం సాగితే ఆ కొసలూ సాగి, వెన్నుపాముకు విద్యుత్ సంకేతాలు పంపుతాయి. ఎంత వేగంగా సాగితే సంకేతాలు అంత దట్టంగా వెళతాయి. కండరం, దాన్ని ఎముకకు కట్టే స్నాయువుతో కలిసే చోట ఉండే గోల్జీ గ్రాహకాలు ఎంత బలం పడుతోందో చెబుతాయి. డాక్టరు మోకాలి కింద సుత్తితో తట్టగానే కాలు ఎగిరేది స్పిండిల్స్ వల్లనే. ఆ ఆజ్ఞ వెన్నుపాములోనే వెలువడుతుంది, మెదడును అడగదు.

సాగడం విద్యుత్తుగా ఎలా మారుతుంది? ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో పీజో2 అనే ప్రొటీన్‌ను కనిపెట్టింది. నాడీకణం పొర సాగగానే తెరుచుకునే ద్వారమిది. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. ఆ ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువు పుట్టుకతోనే పనిచేయని ఇద్దరి గురించి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2016లో వివరాలు వెల్లడించారు. కళ్లకు గంతలు కడితే వాళ్లు తూలిపోయారు.

స్పిండిల్ ఏం చెబితే మెదడు అది నమ్ముతుంది, అబద్ధమైనా సరే. మోచేతి మడతలోని స్నాయువు మీద సెకనుకు వందసార్లు అదిరే పరికరం ఆనిస్తే, కళ్లు మూసుకున్న మనిషికి కదలని చెయ్యి చాచుకుంటున్నట్టే ఉంటుంది. 1972లో బ్రిటన్ పరిశోధకులు ఈ చిత్రాన్ని వివరంగా రాశారు. ఆ చేత్తో ముక్కు పట్టుకుని ఉంటే ఇంకా తమాషా: కొందరికి ముక్కే పొడుగవుతున్నట్టు అనిపిస్తుంది!

తమాషా కానిది మధుమేహం. అది పాదాల నాడులను మెల్లగా దెబ్బతీస్తుంది. విటమిన్ బి12 లోపమైతే వెన్నుపాములో ఈ సంకేతాలు వెళ్లే దారినే పాడుచేస్తుంది. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలుతున్నామని ఎవరైనా చెబితే, వైద్యులు కాలి బొటనవేలిని రెండు పక్కలా పట్టుకుని కాస్త పైకో కిందికో కదిపి, చూడకుండా ఎటు కదిలిందో చెప్పమంటారు.