రక్తపోటు వెనుక లోహాల నీడ
మూత్రపిండాల రోగుల్లో వృత్తి చరిత్రే కీలకం

మెటియాబ్రుజ్ (కోల్‌కతా): రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో వచ్చి స్థిరపడిన మెటియాబ్రుజ్ నేడు దర్జీల పేట. రేవు, ఓడల నిర్మాణ కేంద్రం దీని ఇరుగుపొరుగు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న గార్డెన్ రీచ్ కూడా ఇక్కడే. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆ కార్యాలయం కిందనే ఉండేది. ఇటువంటి పాత పారిశ్రామికవాడల నుంచి అధిక రక్తపోటుతో వచ్చే రోగిని ఒక ప్రశ్న తప్పక అడగవలసి ఉంది. ఇన్నేళ్లూ ఏ పని చేశారు?

పాత రంగులు గీకేవారికి, బ్యాటరీలు కరిగించేవారికి సీసం ధూళి, పొగల రూపంలో సోకుతుంది. అది రక్తనాళాలను సంకోచింపజేసి రక్తపోటును పెంచుతుంది, మూత్రపిండాల సూక్ష్మనాళికలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాల తరబడి నిలిచిపోతుంది.

అయితే రోగి రక్తంలో లోహం అధికంగా కనిపించినంత మాత్రాన అదే వ్యాధికి మూలమని చెప్పలేము. దెబ్బతిన్న మూత్రపిండాలు లోహాలను విసర్జించలేకపోవడం వల్ల కూడా అవి పేరుకుపోతాయి. పైగా పెద్దల శరీరంలోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. రక్తపరీక్ష ప్రధానంగా ఇటీవల సోకిన సీసాన్నే పట్టిస్తుంది. ఇందుకు భిన్నంగా, శరీరానికి అవసరమైన జింకు డయాలసిస్ రోగుల్లో తరచు తగ్గిపోతుంది.

సీసాన్ని తొలగించే చికిత్సతో మూత్రపిండాల క్షీణత మందగించినట్లు తైవాన్ వైద్యులు 2003లో ప్రకటించారు. కాని ఆ అధ్యయనం కొద్దిమంది రోగులకే పరిమితం. ఆ మందులూ నిరపాయకరం కావు గనుక వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

కోల్‌కతాకు ఇటువంటి చేదు అనుభవం లేకపోలేదు. బెహాలాలో పారిస్ గ్రీన్ అనే పురుగుమందు తయారీ వ్యర్థాల వల్ల భూగర్భజలం ఆర్సెనిక్‌తో కలుషితమైనట్లు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో వెల్లడించారు. ఇటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణాలుగా అనుమానించిన వాటిలో భారలోహాలూ ఉన్నాయి. అక్కడ మూలకారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు.

దేశంలో సీసం కలిపిన పెట్రోలు విక్రయం 2000లో నిలిచిపోయింది. గృహాలకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017లో అమలులోకి వచ్చింది. అంతకు ముందే ఎముకల్లో చేరిన సీసానికి మాత్రం ఈ నిబంధనలు వర్తించవు. డయాలసిస్ దాకా వచ్చాక వారానికి రెండు మూడు రోజులు ఆసుపత్రిలోనే గడపవలసిన కూలీకి పని, దానితో పాటు ఆదాయం పోతాయి. రోగి వృత్తిని ముందుగానే అడిగి తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.