చౌమహల్లా దీపాలు, షాబాద్ శిస్తు

రాజభవనం మ్యూజియంగా మారినప్పుడు దానికి అర్థం చెప్పే హక్కు చూసేవాడి చేతికి వస్తుంది. ఆ హక్కును మన రచయితలు ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

చందనవెల్లి నుంచి వెళ్ళి హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్ చూశాను. 1750లో సలాబత్ జంగ్ కాలంలో మొదలైన ఈ నిర్మాణం, 1857 నుంచి 1869 వరకు పాలించిన అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళ వల్ల ఆ పేరు వచ్చింది. ఖిల్వత్ దర్బారులో పాలరాతి గద్దె, దానిపైన 19 బెల్జియం షాండ్లియర్లు ఉన్నాయి. ఒకప్పుడు ప్రభువులు నజరానాలతో నిలిచిన ఆ చోటికి, 2005 నుంచి టిక్కెట్టు కొన్న ఎవరైనా పోవచ్చు. పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది.

ఈ వైభవానికి పైకం ఎక్కడిది? నిజాం రాజ్యంలో దివానీ భూముల శిస్తు ప్రభుత్వ ఖజానాకు, జాగీరు భూములది జాగీర్దారుకు, సర్ఫ్-ఎ-ఖాస్ భూములది నిజాం సొంత ఖజానాకు చేరేది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఈ మూడో తరగతిలోది. షాబాద్ అందులో ఒక తాలూకా. చందనవెల్లి నేడు షాబాద్ మండలంలోని గ్రామం. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత, 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. కనుక మా వైపు పంటకూ, ఆ దీపాలకూ ఉన్న సంబంధం కవి కల్పన కాదు. అది శిస్తు లెక్కల సంబంధం.

దీన్ని గుర్తించని రచన రెండు తోవల్లో పెడదారి పడుతుంది. ఒకటి, పోయిన వైభవాన్ని తలచి నిట్టూర్చడం. రెండోది, దోపిడీ అని ఒక్క మాట అనేసి గచ్చుపనిలోని హస్తకౌశలాన్ని చూడ నిరాకరించడం. మొదటిది రైతును మరుస్తుంది, రెండోది పనివాడిని మరుస్తుంది. రెండింటిలోనూ పాలకుడే కథానాయకుడుగా మిగులుతాడు.

సాహిత్య విద్యార్థి ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరు చేశారు, ఎవరు అనుభవించారు, ఎవరు చెల్లించారు? మొదటి రెండింటికి మ్యూజియంలో కొంత జవాబు దొరుకుతుంది. మూడోదానికి ఊళ్ళకు పోవాలి; పాత శిస్తు కాగితాలు, పహాణీలు చూడాలి, పెద్దవాళ్ళ మాటలు వినాలి. చందనవెల్లిలో ఇప్పుడు పారిశ్రామిక పార్కు వెలిసింది. భూములు చేతులు మారినప్పుడు వాటిని దున్నినవాళ్ళ జ్ఞాపకాలు కూడా చెదిరిపోతాయి. నిజాం దుస్తులకు అద్దాల బీరువాలున్నాయి. ఈ జ్ఞాపకాలను భద్రపరచే పని మన కథలది, నవలలది.