లందకాడి చదువు: ఇందూరు పల్లెల్లో మన తాతల చిన్నతనం

పందొమ్మిదో శతాబ్దపు పల్లెల్లో పిల్లల చదువు గురించి రాసిన పుస్తకాలు తిరగేస్తే ఎప్పుడూ ఒక్క ఇల్లే కనబడుతుంది. ఒక అరుగు, అరుగు మీద ఇసుక, ఇసుకలో ఓనమాలు దిద్దే పిల్లగాడు, పక్కన బెత్తం పట్టుకున్న పంతులు. ఆ పిల్లగాడు పట్వారి కొడుకో, దొర కొడుకో, కోమటి సేటు కొడుకో అయి ఉంటాడు. అదే ఊళ్లో, అదే పొద్దున, వాడలో లేచిన పిల్లగాడు ఏం చేస్తున్నాడు, ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటున్నాడు అన్న ప్రశ్న ఆ పుస్తకాలకు రాలేదు. చదువు అంటే అక్షరమేనని ముందే తీర్మానించుకున్నవాళ్లకు అది రాదు కూడా.

మేం ఈ ప్రశ్నను మోర్తాడ్‌ను ముందు పెట్టుకొని అడుగుతున్నాం. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి పోయే తొవ్వ మీది ఊరు ఇది. ఇవాళ పసుపుకు, బీడీలకు, గల్ఫ్ వలసకు పేరు. అప్పుడు ఇది ఇందూరు జిల్లా. నిజామాబాద్ అన్న పేరు 1905లో వచ్చింది. ఒక్క మోర్తాడ్ కాగితాలను పట్టుకొని రాస్తున్నది కాదు ఇది. ఈ ప్రాంతపు ఊళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పనులు, జీతాలు, కథలు, మా ఇండ్లల్ల మా పెద్దవాళ్ల నోటి నుంచి మాకు అందిన మాటలు దీనికి ఆధారం.

ముందు అరుగు మీది బడి సంగతి తేల్చుకుందాం. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. బళ్లారి 1800 దాకా నిజాం ఏలుబడిలోనే ఉండేది కాబట్టి మన వైపు బడిని ఊహించుకోవడానికి అది పనికొస్తుంది. పొద్దున బడికి మొదట వచ్చిన పిల్లగాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెరుగుతూ పోతాయి. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు, వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ముసల్మానులు అని వేరువేరుగా లెక్క రాసి, ‘ఇతర కులాలు’ అని 1,174 మందిని చూపించాడు.

ఈ కాలమ్ మీద పెద్ద వాదమే నడిచింది. 1983లో ధరంపాల్ ఈ నివేదికలన్నీ అచ్చు వేసి, తెల్లవాడు రాకముందు మన దేశంలో కింది కులాల పిల్లలు కూడా దండిగా చదువుకున్నారని వాదించాడు. ఆ మాట చాలామందికి తియ్యగా వినబడింది. మాకు వినబడలేదు. ఆ 1,174 మందిలో మాల మాదిగ పిల్లలు ఒక్కరైనా ఉన్నారా లేదా అనేది పట్టిక చెప్పదు. ముట్టుకుంటే మైల అనే ఊళ్లో పంతులు అరుగెక్కి, ఆయన చేత అరచేతిలో సరస్వతి పేరు రాయించుకునే మాదిగ పిల్లగాణ్ని ఊహించమని మమ్మల్ని అడిగితే మా వల్ల కాదు. ఇంకోటి, అదే నివేదికల్లో మద్రాసు కలెక్టర్ లెక్క ప్రకారం బడికి పోయే పిల్లల కంటే ఇంట్లోనే చదువు చెప్పించుకునే పిల్లలు నాలుగు రెట్లకు పైగా ఉన్నారు. అంటే ఆ కాలంలో ఇంటి చదువు వింత కాదు, అదే మామూలు. కాకపోతే పంతులును ఇంటికి పిలిపించుకోగలిగిన ఇల్లు ఏదన్నదే అసలు సంగతి. నిజాం రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. పట్వారి కొడుక్కు ఇంట్లో తెలుగు లెక్కలూ కావాలి, కచేరీ భాషా కావాలి. ఆ రెండూ ఉన్న ఇంటి చేతిలోనే ఊరి భూమి లెక్క ఉండేది.

ఇక వాడలోకి పోదాం.

మాదిగ ఇంటి పిల్లగాడికి మొదటి పలక లంద. లంద అంటే తోలు నానబెట్టే తొట్టి. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చుకొచ్చి తోలు ఒలవడం పెద్దల పని. తంగెడు చెక్క కొట్టుకు రావడం, దాన్ని దంచడం, సున్నపు నీళ్లలో నానిన తోలు మీది బొచ్చు గీకడం పిల్లల పని. సున్నం ఎక్కువైతే తోలు కాలిపోతుంది, తక్కువైతే బొచ్చు ఊడదు. తంగెడు నీళ్లు ఎప్పుడు మార్చాలో రంగు చూసి, వాసన చూసి చెప్పాలి. ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నాయిన పక్కన నిలబడి చూసి, తప్పు చేసి, తిట్లు తిని నేర్చుకోవాలి. ఆ తర్వాత రంపె, ఆరె చేతికి వస్తాయి. మొదట వారు కోయడం, తర్వాత చెప్పు కుట్టడం, చివరికి మోట, తొండం. బావి మీద మోట నడవాలంటే ఆ తోలుసంచి చుక్క కూడా కారకూడదు. కారితే రైతు కల్లం కాడ మేర తగ్గిస్తాడు. పిల్లగాడికి అదే పరీక్ష, మార్కులు గింజల్లో వస్తాయి.

గింజలంటే లెక్క కూడా వచ్చింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ ఎక్కం కూలి గింజలు ఒళ్లో పోయించుకునే ప్రతి అమ్మకూ వచ్చు, ఆమె కొంగు పట్టుకొని నిలబడ్డ పిల్లకూ వచ్చు. దొర జీతగాడు కొలిచేటప్పుడు బొటనవేలు కొలపాత్ర లోపలికి పెడతాడా బయట పెడతాడా అన్నది కూడా ఆ లెక్కలో భాగమే.

డప్పు ఇంకో చదువు. తోలును గడ్డిమంట మీద కాచి బిగువుకు తేవాలి. ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. సావు దరువు వేరు, పెండ్లి దరువు వేరు, జాతర వేరు, దొర చాటింపు వేరు. దూరం నుంచి దరువు విని ఊళ్లో ఏం జరిగిందో చెప్పగలగాలి. పుస్తకం చదవడం అంటే గుర్తులు చూసి అర్థం పట్టుకోవడమే అయితే దీన్ని ఏమనాలో చదువుకున్నవాళ్లే చెప్పాలి.

చరిత్ర, పురాణం చెప్పడానికి వాడకు తనవైన గురువులు ఉన్నారు. డక్కలివాళ్లు పటం విప్పి జాంబపురాణం చెబుతారు. చిందువాళ్లు ఆడి చూపిస్తారు. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు పుట్టాడని విన్న పిల్లగాడికి, నువ్వు అందరికంటే కిందివాడివని ఊరు రోజూ చెప్పే మాటకు ఎదురుమాట దొరికింది. చిందు కుటుంబాల్లోనైతే ఇల్లే బడి. నడక వచ్చీరాకముందే పిల్లకు అడుగు, దరువు, పాట ఒక్కసారే వస్తాయి. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ అట్లా చిన్ననాటి నుంచే ఆడి, 2005లో కన్నుమూసేదాకా ఆ విద్యకే పేరుగా నిలిచింది. రాత్రంతా సాగే భాగోతాలను కంఠంలో మోసిన మనిషిని నిరక్షరాస్యురాలు అనే లెక్కలోనే ఈ దేశం రాసుకుంటుంది.

దీన్ని గమనించిన పరాయివాళ్లు కొందరు లేకపోలేదు. ఒంగోలు బాప్టిస్టు మిషనులో పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల కథలతో ఒక ఇంగ్లీషు పుస్తకం వేసింది. దాని పేరుకు మన మాటల్లో ‘చెప్పులు కుట్టుకుంటూ’ అని అర్థం. మాదిగ ఇంట్లో పనీ కథా వేరుగా ఉండవని ఆ పేరే ఒప్పుకుంటుంది. ఆడపిల్లల చదువు కోసం కొట్లాడిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద కూడా ఈమె ఒక పుస్తకం రాసింది. ఆ పుస్తకం రాసిన చెయ్యే వాడలోకి వచ్చి మాతంగి కథ రాసుకున్నదన్నది మాకు ఆసక్తిగా తోచింది. అయితే ఆమె చూపు మతం మార్చడానికి వచ్చిన చూపు, అది మరిచిపోకూడదు.

ఇక్కడ మా మిత్రులతో మాకు తగాదా ఉంది. ఇదంతా దళితుల ప్రత్యామ్నాయ విద్య, దీని ముందు అగ్రవర్ణాల బడి ఎంత అని కొందరు మురిసిపోతున్నారు. మురవడానికి ముందు ఆ పిల్లగాడు ఏడెనిమిదేండ్లకు ఎక్కడ ఉన్నాడో చూడాలి. దొర బర్ల కాడ ఉన్నాడు. నాయిన పెండ్లికో కరువుకో చేసిన అప్పుకు కొడుకు జీతం. 1876–78 కరువు, 1899–1900 కరువు నిజాం రాజ్యాన్ని తాకినప్పుడు అట్లా గడిలోకి పోయిన పిల్లలు తిరిగి వాడకు ఎప్పుడు వచ్చారు? మోట కుట్టే విద్య పిల్లగాడిది, మోట తోడే నీళ్లు ఎవరి పొలానికి? డప్పు వాడిది, వెట్టి చాటింపు దొరది. ఆడపిల్లకు ఇంకా ఘోరం. ఇందూరు ఊళ్లల్లో దళిత పిల్లలను చిన్నతనంలోనే దేవతకు ఇచ్చి జోగినిని చేశారు. ఆ పిల్లకు నేర్పిన ఆట, పాట కూడా ఇంటి చదువే కదా! దాన్ని నేరమని చెప్పే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో రావడానికి 1988 దాకా పట్టింది.

అన్నీ వచ్చిన ఆ పిల్లగాడికి రానిది ఒక్కటే, పట్వారి రాసిన కాగితం చదవడం. అసలెంత, వడ్డీ ఎంత, ఎన్నేండ్ల జీతం తెగింది, అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. వేలిముద్ర వాడిది, అక్షరం వాళ్లది. పుట్టి దాకా నోటిలెక్క వచ్చినవాడు తన అప్పు లెక్కకు గుడ్డివాడు. దాన్ని అజ్ఞానం అనకూడదు. పట్వారి ఇంటి చదువుకూ వాడ చదువుకూ మధ్య గోడ కట్టి ఉంచింది ఇందుకే. ఈ భగేలా జీతం ఒప్పందాలకు హద్దు పెట్టే చట్టం నిజాం రాజ్యంలో 1936లో గాని రాలేదు.

గోడలో సందులు లేకపోలేదు. నల్లగొండ జిల్లా చింతపల్లికి చెందిన దున్న ఇద్దాసు (1811–1919) మాదిగ కులంలో పుట్టి, జీతం చేసిన మనిషి. గురువు దగ్గర యోగం నేర్చి తత్వాలు కట్టాడు, వాటిని శిష్యులు నోటితో నిలబెట్టారు. మనకు పడమట పుణేలో ఫూలే దంపతులు 1848లో బడి తెరిచాక, మాంగ్ కులపు పిల్ల ముక్తా సాల్వే 1855లో తన జాతి బాధ గురించి వ్యాసం రాసి పత్రికలో అచ్చు వేయించింది. మాంగ్ అంటే మన మాదిగే. బోధన్ దాటితే వాళ్ల వాడలే. మన వైపు ఆ పని హైదరాబాద్‌లో మొదలైంది. మాదరి భాగయ్యగా 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో బడులు పెట్టాడు. కచేరీ భాష ఉర్దూ అయిన రాజ్యంలో మాల మాదిగ పిల్లలకు తెలుగులో చదువు చెప్పిన బడులవి. 1933 నాటికి 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లలు. అప్పటికి ఇందూరు పల్లెల జీతగాళ్లకు హైదరాబాద్ చాలా దూరం. 1901 జనగణన నాటికి రాజ్యం మొత్తంలో నూటికి దాదాపు ముగ్గురే చదవగలిగేవాళ్లు. ఆ ముగ్గురు ఎవరి ఇండ్లవాళ్లో ఇంతసేపూ చెప్పుకున్నాం.

లందలు పూడిపోయాయి. మోటలు కరెంటు మోటర్లు వచ్చి పోయాయి. లందలో చెయ్యిపెట్టిన చివరి తరం ముసలివాళ్లు కొద్దిమందే మిగిలారు. మోర్తాడ్, ఆర్మూరు, బాల్కొండ, బోధన్ వైపు పాఠకులు తమ ఇంటి పెద్దలను అడిగి మాకు రాయవలసింది ఇవి: మీ వాడలో లంద ఎక్కడ ఉండేది? తోలుపని మాటలు ఏమేం గుర్తున్నాయి? తాత ఎన్నేండ్లప్పుడు జీతానికి పోయాడు, ఎంత అప్పుకు? ఆ కాగితం రాసింది ఎవరు, చదివి వినిపించింది ఎవరు?